పంతొమ్మిది మెట్లు

జూన్ 3, 2002. సోమవారం

బెంగళూరు సంగ్రహాలయం నుంచి మూడో ఉత్తరం. మర్యాదగానే రాశారు. కంప్యూటరు కొత్తగా వచ్చిన రోజుల్లో మా ఆఫీసు దాని మీద గీసిన కట్టడాల ఫైళ్ళు, గీసినవి గీసినట్టుగా, జూలై మొదటి వారంలోగా పంపాలట. వందేళ్ళు భద్రంగా ఉంచుతారట. ఉంచనీ. ముందు ఇవి తెరుచుకోవాలి కదా.

ఇప్పటికి లెక్క: ఫ్లాపీలు నూట నలభై రెండు. తెరుచుకున్నవి అరవై ఒకటి. బూజు పట్టినవి పద్దెనిమిది. మిగతావన్నీ పూజ ఫ్లాపీలు.

లైబ్రరీ సైన్సులో పుస్తకాలకు పట్టే పురుగుల గురించి ఒక అధ్యాయం మొత్తం చదివాను. పసుపు కుంకుమల గురించి ఎవరూ చెప్పలేదు. ఈ ఆఫీసులో ప్రతి విజయదశమికీ ఆ ఏడాది గీసిన మంచి పటాలన్నీ ఫ్లాపీల్లోకి ఎక్కించి, తాంబాళంలో పేర్చి, ఒక్కోదానికి బొట్టు పెట్టి, అక్షింతలు చల్లి, హారతిచ్చి, గుడ్డలో మూటగట్టి బీరువాలో దాచారు. అంటే పని ఎంత గొప్పదైతే దాని ఫ్లాపీలో అంత కుంకుమ. పనికిమాలినవన్నీ చక్కగా తెరుచుకుంటున్నాయి.

"ఎవరు మేడం ఇంత కుంకుమ పోసింది?" అని అడిగాను.

"నేనే. ఏం, సరస్వతి గాదా అది?" అన్నారు చంద్రకాంతమ్మ మేడం.

జిల్లాలో అందరికంటే ముందు కంప్యూటరు కొన్న ఆర్కిటెక్టు ఈవిడే. అది కూడా రాసుకోవాలి, నమ్మకం తగ్గకుండా.

జూన్ 4

తొమ్మిది ఫ్లాపీలు. రెండు తెరుచుకున్నాయి. ఒకదాంట్లో ఎవరిదో పెళ్ళి బయోడేటా. కరెంటు మూడు గంటలు లేదు.

జూన్ 6, గురువారం

బెంగళూరు వాళ్ళకు అన్నిటికంటే ముఖ్యంగా కావలసింది చిత్తూరు కల్యాణ మండపం. మొదటి గీత నుంచి చివరి గీత దాకా కాగితం ముట్టకుండా కంప్యూటరు మీదే గీసిన కట్టడం.

నాకూ అదే కావాలి. తొంభై ఆరు మార్చిలో మా పెద్దమ్మ కూతురి పెళ్ళి అక్కడే. తాళి కట్టేటప్పుడు అందరూ అక్షింతలు వేస్తుంటే నేను తల ఎత్తి పైకప్పు చూస్తూ కూర్చున్నాను. విసనకర్ర విప్పినట్టు ఉంటుంది ఆ కప్పు. దాన్ని గీసింది ఒక ఆడమనిషి అని తెలిసి, కాన్వెంటు హాస్టల్లో వారం రోజులు ఆ మాటే తలుచుకున్నాను. పాత పటాలకు పట్టిక రాసే ఈ ఉద్యోగానికి అర్జీ పెట్టింది కూడా అందుకే. అది ఎవరికీ చెప్పలేదు, మేడంకి అసలు చెప్పలేదు.

"అది పోయిందిలే నవీనా," అన్నారు. "పాత కంప్యూటరుతోనే పోయింది. వేరేవి పంపించు."

"ఫ్లాపీలో ఉండొచ్చేమో, వెతుకుతాను."

"పోయిందంటా ఉంటే! ఆ దేవరాజులు చేసిన పనికి ఆ మండపం మాటెత్తితేనే నాకు ఒళ్ళు మండతాది."

దేవరాజులు ఇక్కడ పటాలు గీసేవాడు. నేను చూడలేదు. సిద్ధాంతి ఏదో అన్నాడని, మేడంకి చెప్పకుండా మెట్ల కొలతలు మార్చేశాడట. మండపం తెరిచిన మూడు నెలలకే, కింద వంటింట్లోంచి పై భోజనాల హాలుకు సాంబారు అండా మోస్తున్న మునిరత్నమ్మ అనే వంటామె చివరి మెట్ల దగ్గర కాలు తగిలి పడింది. ఎడమ చేయి మోచేతి దాకా కాలిపోయింది. విచారణ జరిగింది, దేవరాజులుని పంపేశారు. అప్పట్లో చిత్తూరంతా ఇదే చెప్పుకున్నారు. మా హాస్టల్లో కూడా.

జూన్ 10, సోమవారం

దొరికింది! తొంభై ఐదు విజయదశమి మూటలో. పైన మేడం చేతివ్రాతతో 'చిత్తూరు మండపం'. కుంకుమ ఎంత ఉందంటే ఊపితే రాలుతోంది. కంప్యూటరులో పెడితే గరగరమని అరిచి ఊరుకుంది.

మేడంకి ఇప్పుడే చెప్పను. తెరుచుకున్నాక చెప్తాను. ఆశ్చర్యపోవాలి.

జూన్ 12, బుధవారం

గాంధీరోడ్డులో మేడ మీద కంప్యూటర్లు బాగుచేసే భానుచందర్ దగ్గరికి తీసుకుపోయాను. ఫ్లాపీని వెలుతురుకి పట్టి చూశాడు.

"ఇది ఫ్లాపీనా మ్యాడమ్, కుంకుమ భరిణెనా?"

నేను నవ్వలేదు. నవ్వాల్సిందేమో. కొత్తవాళ్ళ ముందు నవ్వాలా వద్దా అని తేల్చుకునే లోపే సమయం దాటిపోతుంది నాకు.

ప్లాస్టిక్ డొక్కను బ్లేడుతో చీల్చి, లోపలి పల్చటి బిళ్ళను చేప పొలుసులా బయటికి తీశాడు. స్పిరిట్‌లో కడిగాడు. ఫ్యాను కింద ఆరబెట్టాడు. ఒక కొత్త ఫ్లాపీ చీల్చి, దాని డొక్కలో దీన్ని పెట్టాడు. "ఆత్మ పాతది, దేహం కొత్తది," అన్నాడు. ఈసారి నవ్వాను.

తెరుచుకుంది.

ఆ కప్పు! గీత తర్వాత గీత, పురి విప్పుతున్నట్టు వచ్చింది. భానుచందర్ కూడా నోరు మూసుకున్నాడు. తన కంప్యూటరులో ఒక కాపీ ఉంచుకుని, నాకు ఒకటి ఇచ్చాడు.

ఒకటే తంటా. మేస్త్రీలకు ఇంగ్లీషు రాదని మేడం పటాల మీద వివరాలన్నీ తెలుగులో రాసేవారు. ఆ అక్షరాల ఫైలు, అంటే ఫాంటు, లేకపోవడంతో రాత ఉన్న చోటల్లా ప్రశ్నార్థకాలు. మూలనున్న, ఏది ఎవరు మార్చారో రాసే సవరణల పట్టీలో నాలుగు వరసల ప్రశ్నార్థకాలు. ఎవరో నన్ను విచారణ చేస్తున్నట్టు ఉంది.

బెంగళూరు వాళ్ళ ఫారంలో నింపడానికి లెక్కలు నోటుబుక్కులో రాసుకున్నాను: స్తంభాలు 24, తలుపులు 14, కిటికీలు 32, వంటింటి మెట్లు 19.

జూన్ 13

ఆఫీసు కంప్యూటరులోకి ఎక్కించి మేడంకి చూపించాను. ఆశ్చర్యపోలేదు. చాలాసేపు తెర వైపే చూశారు. మౌసు ముట్టుకోలేదు.

"ఎట్ల తెరిచినావు?"

చెప్పాను.

"తెలివైనదానివే. ఇట్లనే ఉండనీ. నేను సూసుకుంటా," అన్నారు.

సంతోషం ఎక్కువైనప్పుడు కొందరు అలాగే ఉంటారు.

జూన్ 14

మేడం ఫ్లాపీ అడిగారు. ఇచ్చాను. ఆవిడదే కదా.

జూన్ 17, సోమవారం

ఫారం నింపడానికి కూర్చున్నాను. స్తంభాలు 24. తలుపులు 14. కిటికీలు 32. వంటింటి మెట్లు 20.

మళ్ళీ ఎంచాను. 20.

ఫైలు తేదీ చూస్తే 1980 జనవరి 1. ఈ కంప్యూటరు లోపలి బ్యాటరీ చచ్చి ఏడాదైంది. ఆపి వేసినప్పుడల్లా 1980కి పోతుంది. కొత్తది వేయించమని నాలుగుసార్లు అడిగాను. ఇక్కడ ఏది ఎప్పుడు జరిగిందో కంప్యూటరుకే తెలియదు, నన్ను పట్టిక రాయమంటారు.

ఆ రోజు భానుచందర్ వాగుడులో తప్పు ఎంచి ఉంటాను.

నిన్న మేడం వచ్చి పొద్దుగూకే దాకా కంప్యూటరు ముందు కూర్చున్నారని వాచ్‌మన్ మునివెంకటప్ప చెప్పాడు. ఇంట్లో కరెంటు లేదేమో.

జూన్ 18

20. సవరణల పట్టీలో మూడు వరసలే ఉన్నాయి. నాలుగని గుర్తు. గుర్తేగా.

జూన్ 20, గురువారం

బెంగళూరుకు ఫోన్ చేశాను. పటం మీద రాత కనబడకపోతే తీసుకోరట.

"మేడం, ఆ తెలుగు అక్షరాల ఫైలు ఎక్కడ దొరుకుతుంది?"

"రాత తీసెయ్యి. గీతలు సాలు."

"గీసినవి గీసినట్టు పంపమన్నారు మేడం."

"వాళ్ళు అంటారు. నువ్వు తీసెయ్యిమే."

ముందు పోయిందన్నారు. దొరికితే సంతోషించలేదు. ఇప్పుడు రాత తీసెయ్యమంటున్నారు. ఈ ఆఫీసులో దేన్నయినా కాపాడాలంటే ముందు దాన్ని గీసినవాళ్ళ నుంచి కాపాడాలి. ఇది కోపంలో రాశాను. కొట్టేయను.

ఆ అక్షరాలు చేసింది దేవరాజులేనని మునివెంకటప్ప చెప్పాడు. ఒక్కో అక్షరాన్నీ గీతలుగా, రెండేళ్ళు కూర్చుని చేశాడట. తిరుచానూరు రోడ్డులో జిరాక్సు అంగడి పెట్టుకున్నాడట.

జూన్ 21, శుక్రవారం

వెళ్ళాను. అంగడి ముందు రెండుసార్లు అటూ ఇటూ నడిచాక లోపలికి పోయాను. నలభై దాటిన మనిషి, చెవి వెనక పెన్సిల్.

"చంద్రకాంతమ్మ మేడం ఆఫీసు నుంచి వచ్చానండి."

తల ఎత్తలేదు. "ఆడ నుంచి ఈడికి ఎవురూ రారే. దోవ తప్పినావా పాపా?"

అక్షరాల ఫైలు కావాలని చెప్పాను.

"మనిషి వద్దు గానీ అక్షరాలు గావల్లనా మీ మేడానికి?"

"మేడంకి తెలియదు. నేనే వచ్చాను."

అప్పుడు చూశాడు. స్టూలు జరిపాడు. "కూసో. ఏం పటానికి?"

చెప్పగానే చేతిలో కాగితాలు కింద పెట్టేశాడు.

"అది తెరుసుకునిందా? పోయిందన్న్యారే!"

ఆయన చెప్పింది చెప్పినట్టు రాస్తాను. ఇరవై మెట్లు, ఒక్కోటి ఆరంగుళాలు, అదీ అసలు పటం. పదహారు మెట్లకు కాంక్రీటు పోశాక సిద్ధాంతి వచ్చాడు. మెట్లు సరిసంఖ్య ఉండకూడదు, బేసి కావాలన్నాడు. ఓనరు పట్టుబట్టాడు. పోసినవి పగలగొట్టలేరు. మిగిలిన నాలుగు మెట్ల ఎత్తునీ మూడు చేశారు. ఆ మూడూ ఎనిమిదంగుళాలు పడ్డాయి.

"అట్ల మార్చింది మేడమే అని నాకు గుర్తు. నేను ఆ వారం నగరిలో మా సెల్లెలి పెండ్లిలో ఉండానని గుర్తు. వచ్చినాక, కాలు తగులుకుంటాది మేడం అని చెప్పినట్టు గుర్తు. కిందికి సూసుకోనే ఎక్కుతారులే దేవరాజులూ అనింది."

"మరి విచారణలో చెప్పలేదా అన్నా?"

"చెప్పినాను. ఫైలు యాడుండాది అన్న్యారు. మేడమేమో కంప్యూటరు కాలిపోయిందనె. ఓనరు దగ్గరుండే కాగితం సెదలు తినింది. ఇంగ నా నోటి మాట ఎవురిగ్గావల్ల?"

అక్షరాల ఫైలు వెంటనే ఇచ్చాడు. "సవరణల పట్టీలో మూడో వరస ఉంటాది పాపా. దాంట్లో ఏం రాసుండాదో సూసి ఒక్క మాట చెప్పు. ఏమున్న్యా సరే."

ప్రతిదానికీ 'గుర్తు, గుర్తు' అన్నాడు. నిజం చెప్పేవాళ్ళు అలా చెప్పరు. నేను ఎంచినప్పుడు ఇరవై ఉన్నాయి కూడా.

జూన్ 22

మా కంప్యూటరులో ఆ అక్షరాలు ఎక్కించాను. ప్రశ్నార్థకాలు పోయి మేడం రాత అంతా కనబడింది. సవరణల పట్టీలో మూడే వరసలు: ఒకటి, రెండు, నాలుగు.

భానుచందర్ దగ్గరున్న కాపీ చూడాలేమో. సోమవారం చూస్తాను.

జూన్ 23, ఆదివారం

ఇంటికి బంగారుపాళ్యం వెళ్తూ చిత్తూరులో దిగాను. దిగాలని అనుకోలేదు. మండపంలో ఎవరిదో ఓణీల ఫంక్షను. చుట్టంలా వంటింటి వైపు నడిచాను. ఎంచుకుంటూ ఎక్కాను. పదహారు దాకా కాలికి లెక్క తెలిసిపోతుంది, కళ్ళతో చూడనక్కర్లేదు. పదిహేడో దాని దగ్గర బొటనవేలు తగిలింది. చేతిలో ఏమీ లేదు కాబట్టి గోడ పట్టుకున్నాను.

పంతొమ్మిది. కట్టినది పంతొమ్మిదని అందరికీ తెలిసిందే. పటంలో ఇరవై ఉందంటే మార్చింది దేవరాజులే. లెక్క సరిపోయింది.

ఇంటికి పోతే నాయన లేడు. మామిడి ట్రాక్టరుతో గుజ్జు ఫ్యాక్టరీ దగ్గర వరసలో ఉన్నాడు, రెండు రోజులుగా. అన్నం తినబుద్ధి కాలేదు.

జూన్ 24

భానుచందర్ అంగడి మూసి ఉంటుంది. సోమవారం కదా.

జూన్ 25

నిన్న తెరిచే ఉందట. సోమవారం సెలవని నాకెవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు.

జూన్ 26, బుధవారం

వెళ్ళాను. భానుచందర్ తన కంప్యూటరులో ఉన్న కాపీకి, దేవరాజులు చేసిన అక్షరాలు ఎక్కించాడు. ఎంచమన్నాను. నేను ఎంచనని, ఆయన్నే ఎంచమన్నాను.

"పంతొమ్మిది మ్యాడమ్. పై మూడూ కొంచెం ఒళ్ళు చేసినాయి."

ఫైలు తేదీ 1995 సెప్టెంబరు 19. సవరణల పట్టీ, మూడో వరస:

'సిద్ధాంతి గారి సూచన, యజమాని కోరిక మేరకు వంటింటి మెట్లు 20కి బదులు 19. పై మూడు మెట్లు 8 అంగుళాలు. మార్చినది చం.కాం.'

"చం.కాం. ఎవురు?" అన్నాడు భానుచందర్.

తెలియదన్నాను. ఆ మెట్ల పటం వరకు రెండు కాగితాల మీద ప్రింటు తీయించుకుని, అతికించి, మడిచి, సంచిలో అడుగున పెట్టుకున్నాను.

మోరల్ సైన్సులో నాకెప్పుడూ మొదటి మార్కే. అబద్ధమాడే అవసరం ఎప్పుడూ రాలేదు కాబట్టి.

జూన్ 27

తలనొప్పి. ఆఫీసుకు పోలేదు.

జూన్ 28, శుక్రవారం

మేడం ముందు నిలబడి ఏం చెప్పాలో బస్సులో నాలుగు వాక్యాలు బట్టీ పట్టాను. గదిలోకి వెళ్ళాక ఒక్కటీ రాలేదు. ఆ ప్రింటు బల్ల మీద పెట్టాను.

కళ్ళజోడు పెట్టుకుని చదివారు. తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు.

"కాపీ ఉందని చెప్పలేదే?"

"మీరు అడగలేదు మేడం."

"ఆ ఆదివారం నేనేందో మోసం జేసినానని గదా నీ ముఖంలో ఉండేది? నేను మార్చలేదు నవీనా. సరిజేసినాను. వాళ్ళు దాన్ని వందేండ్లు పెట్టుకుంటారంట. కప్పును సూసి మెచ్చుకునేవాడు, మెట్ల కాడికొచ్చి ఏమనుకుంటాడు? నా తప్పు వందేండ్లు ఉండల్నా?"

ప్రింటులో మూడో వరస మీద వేలు పెట్టాను.

"ఓనరు కాళ్ళు పట్టుకున్నంత పని చేసె. సిద్ధాంతి ముహూర్తం పెట్టనంటాడు. రెండంగుళాలు గదా అనుకున్నా. నీ వయసులో నేనూ అన్నీ స్కేలు పెట్టి గీసినట్టే ఉండల్లనుకున్న్యా."

"దేవరాజులన్న..." అన్నాను. అంతే వచ్చింది.

"నా పేరు చెప్పుంటే ఈ ఆఫీసు ఆ పొద్దే మూతపడేది. పదకొండు మంది బతకతా ఉండ్రి దీని మీద. వాడొకడు పోతే పదిమంది నిలిచినారు. పొమ్మనేటప్పుడు నా కండ్లలో నీళ్ళు తిరిగినాయి, తెలుసునా నీకు?"

అది నిజమే అయ్యుంటుంది. అందుకే ఇంకా కోపం వచ్చింది. ఈవిడ అబద్ధమే ఆడి ఉంటే నాకు సులువుగా ఉండేది.

జూన్ 30

ఇరవై మెట్లది పంపితే? అదీ ఆవిడ గీసిందే. ఒక విధంగా అసలు ఆవిడ అనుకున్నది అదే. ఆ కప్పు అలాగే ఉంటుంది. ఎవరికీ నష్టం లేదు.

పై ఐదు వాక్యాలు మళ్ళీ చదివాను. రెండంగుళాలే కదా అన్నట్టే ఉన్నాయి.

జూలై 1, సోమవారం

రెండు ఫైళ్ళూ భానుచందర్ అంగట్లో ఒకే సీడీలోకి ఎక్కించాను. దేవరాజులు అక్షరాలు కూడా. ఫారంలో ఇలా రాశాను:

మొదటి ఫైలు, 1995 సెప్టెంబరులో గీసినది. రెండో ఫైలు, 2002 జూన్‌లో చంద్రకాంతమ్మ గారు మార్చినది. తెలుగు అక్షరాలు చేసినవారు, దేవరాజులు.

సంతకానికి మేడం ముందు పెట్టాను.  చదివారు. పెన్ను తీశారు. 'మార్చినది' అన్న మాట కొట్టేసి, దాని పైన ఆవిడ చేతివ్రాతతో 'సరిచేసినది' అని రాశారు. ఇంకెక్కడా పెన్ను పెట్టలేదు. సంతకం చేయకుండానే ఫారం నా వైపు తోశారు.

పట్టిక తయారుచేసినవారు అన్న చోట నా సంతకం పెట్టి, రిజిస్టరు పోస్టులో పంపాను. గీసినవారి సంతకం లేదని వాళ్ళు తిప్పి పంపవచ్చు. పంపకపోవచ్చు.

రేపటి నుంచి రావద్దని మేడం అనలేదు. రమ్మనీ అనలేదు.

జూలై 2

వెళ్ళాను. నా కుర్చీ నా కుర్చీలాగే ఉంది. పూజ ఫ్లాపీలు ముప్పై ఎనిమిది మిగిలాయి. ఒకటి చీల్చి, కడిగి, ఆరబెట్టాను. మేడం అటుగా రెండుసార్లు నడిచారు. 

జూలై 3, బుధవారం

దేవరాజులు అంగడికి పోయాను. ఒక్క మాట చెప్పమన్నాడు కదా, మాట చెప్పడం నాకు చేతకాదు. ఆ రోజు మేడం బల్ల మీద నుంచి వెనక్కి తీసుకున్న అతికించిన ప్రింటు చేతికిచ్చాను.

ముందు రాత చదవలేదు. చెవి వెనక పెన్సిల్ తీసి, దాని మొనతో మెట్లు ఎంచాడు, కింది నుంచి పైకి. తర్వాత మూడో వరస చదివాడు, పైకే, ప్రతి అక్షరం తను చేసిందే అయినా కొత్తగా నేర్చుకుంటున్నట్టు. చం.కాం. దగ్గర ఆగాడు.

థాంక్స్ చెప్తాడనుకున్నాను. ఏమనాలో కూడా సిద్ధం చేసుకున్నాను.

"ఆరేండ్లు పాపా," అన్నాడు. "మొదట్లో నేను గీలేదు, నేను గీలేదని కనబడినోళ్ళందరికీ చెప్పినాను. నమ్మలేదు. పోన్లే అనుకున్న్యా. తర్వాత్తర్వాత నాకే అనుమానం పట్టుకునింది. నేనే గీసి మరిచిపోయినానేమో అని. నగరికి పోయింది ఆ వారమా, ముందు వారమా అని మా సెల్లెల్ని కూడా అడిగినాను. తనకీ గుర్తు లేదంట. నేనే, నా సేతుల్తోనే గీసినాననుకోని రెండేండ్లయింది."

నాకు ఎక్కడ చూడాలో తెలియలేదు. జిరాక్సు మిషను వైపు చూశాను.

ఆయన లేచి, ప్రింటును దాని అద్దం మీద పరిచి, మూత వేసి, ఒక కాపీ తీశాడు.

"మునిరత్నమ్మకి. ఈడే, తిరుచానూరులో ఆ కాలిన సేత్తోనే పూలమ్ముతాది. ఆయమ్మ కనబడితే ఇన్నాళ్ళూ పక్క సందులో పోతా ఉండాను."

"ఆమెకు ప్లాను అర్థమవుతుందా అన్నా?"

"అర్థం గాకపోతే మానె," అన్నాడు, కాగితం ఇంకా వేడిగా ఉందేమో, చేతులు మార్చుకుంటూ. "తల ఎత్తుకోని ఇచ్చొస్తా."